పావు తిప్పు

తాళం మూడో గీత దాకా తిప్పి
అక్కణ్ణించి వెంట్రుకవాసి వెనక్కి తేవాలి.
బొటనవేలితో కిందికి నొక్కి పట్టాలి,
ఊపిరి బిగించాలి.
అప్పుడుగానీ దగ్గేది కాదు నా బండి.

బండంటే మామూలు బండి కాదు.
రెండే సీట్లు, నేలకి జానెడెత్తు.
గోవాలో పుట్టి, విశాఖలో ఒక పళ్ళ డాక్టరు షెడ్డులో
కొబ్బరిమట్టల కింద ఆరేళ్ళు పడుకున్న ఎర్ర కారు.
జూటుమిల్లు లాకౌటయ్యాక చేతికొచ్చిన లెక్కలో
సగం దాని మీద పోశానని
కంటోన్మెంటులో మా వీధి వీధంతా నవ్వింది.
"వైరుమేను గంగులుకి రేసు కారట!"
ఎక్కితే రోడ్డు మీద పీటేసుకు కూకున్నట్టుంటాదని
పాలు పోసే కుర్రాడు కూడా అన్నాడు.

సూరీడమ్మ ఏమీ అనలేదు.
ఘోషాసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆవిడది.
తెల్లారి తీసుకురావడానికెళ్తే గేటు ముందే మొరాయించేది.
తెల్లకోటు మడిచి సీట్లో పడేసి
తనే వెనక నుంచి తోసేది,
ఒకసారైతే మూడు లాంతర్ల దాకా.
తాళం తన చేతిలో ఎన్ని తిప్పులు తిప్పినా ఉలకదు.
"నీ చెయ్యికే అలవాటు పడిపోనాది, పెంకి గుంట" అనేది.
ఆ మాటకి లోపల్లోపల నాకెంత గర్వమో
చెప్తే తంతుంది.

మొన్న జొన్నవలస దగ్గర, జోరు వానలో
వైపర్లు ఆగిపోయాయి.
తాళం కదిపితే వైపర్లొచ్చాయి, హెడ్‌లైట్లు పోయాయి.
రెండూ ఒకేసారి ఇవ్వనంది.
వెనక లారీ హారను.
సూరీడమ్మ నా వైపు చూసింది. అంతే.

ఆదివారం బ్యాటరీ మైనస్ విప్పీసి
స్టీరింగు కిందికి వెల్లకిలా దూరాను.
కాళ్ళు సీటు మీద, తల పెడళ్ళ మధ్య, నోట్లో టార్చి.
అన్ని మగ్గాలకి కరెంటిచ్చిన చెయ్యి
కందిగింజంత స్క్రూలు రెండింటి కోసం
గంటసేపు తడుముకుంది.
వాటి తలల మీద ఎర్రరంగు చుక్కలు,
ఎవరో బొట్టు పెట్టి పంపినట్టు.
ఒకటి జారి చాప కింద దూరితే
చీపురుపుల్లకి అయస్కాంతం కట్టి లాగాను.

తాళానిది కాదు తప్పు.
దాని వెనక, అగ్గిపెట్టెంత నల్ల ప్లాస్టిక్ గూడు,
అంచున సన్నటి పగులు.
విప్పితే, మసిబారిన రాగి నాలికలు.
వాటి మధ్య
నాలుగు మడతలు పెట్టిన సిగరెట్ రేకు.
నాకంటే ముందు ఎవడో
ఇలాగే తలకిందులుగా పడి, ఇలాగే చెమటోడ్చి
ఈ రేకు దోపి, ఎలాగో ఇల్లు చేరాడన్నమాట.
అన్నా, నువ్వెవరివో గానీ
నా బొటనవేలికి విద్య నేర్పింది నువ్వే.

కొత్త స్విచ్చి ఈ బండిది కాదు.
బొబ్బిలి పాతసామాన్ల కొట్లో దొరికింది.
ఒక చెవి ఆకురాయి పెట్టి అరగదీస్తే కూర్చుంది.
"ఎరుపు కుడివైపు. పసుపు మీద పచ్చచార, కింద.
నలుపు... ఇదేటి రాసినావు, నలుపా, నీలమా?"
నేను గీసుకున్న బొమ్మని
డాక్టరు చీటీలా చదువుతోంది సూరీడమ్మ.
నలుపే. నాకు నమ్మకం లేదు గానీ, నలుపే.

బ్యాటరీ బిగించాను.
"నువ్వు లెగు. నే తిప్పుతాను" అంది.

పావు తిప్పు.
నొక్కలేదు. ఊపిరి బిగించలేదు.
అందుకుంది బండి,
ఎవరు పిలిచినా పలికే పసిపిల్లలా.

తలుపేసుకుంది. అద్దం తన ఎత్తుకి దించుకుంది.
రింగురోడ్డు వైపు తిరిగేటప్పుడు
బ్రేకు లైటు ఒకసారి వెలిగి ఆరింది.
నేను వీధిలో నిలబడ్డాను, అరచేతిలో పగిలిన గూడు.
బొటనవేలు దానంతటది
ఏదో వెంట్రుకవాసి కోసం గాలిని నొక్కుతోంది.

"బాగయిపోనాదేటి మావా, బండి?"
పాల కుర్రాడు సైకిలాపాడు.

బాగయిపోనాదిరా, అన్నాను,
ఎందుకో కొంచెం నెమ్మదిగా.